ఇంటివాళ్ళు వినకూడని పాట కోసం మహబూలా దాకా

కువైట్ చూసి రావడానికని వెళ్ళేవాళ్ళు మా రాయచోటి వైపు ఎవరూ ఉండరు. వెళ్తే పనికే వెళ్తారు. అందుకే సెలవుల్లో కువైట్ వెళ్తున్నానని చెప్పినప్పుడు మా స్కూల్లో టీచర్లందరూ నన్ను వింతగా చూశారు. ఇసుక తప్ప ఏముంది అక్కడ చూడ్డానికి అన్నారు. చూడ్డానికి కాదు, ఒక పాట వినడానికి అని చెప్తే ఇంకా వింతగా చూస్తారని ఊరుకున్నాను.

మా ఆయన ఖాజా పన్నెండేళ్ళు అక్కడ ఏసీ పైపుల పని చేశాడు. అన్నీ ఖలాస్ చేసుకుని ఇంటికి వచ్చిన ఏడాదిలోపే గుండెపోటుతో పోయాడు. ఇంట్లో ఉన్న ఆ కొద్ది నెలల్లో ఎవరు వచ్చినా ఒక మాట చెప్పకుండా పంపేవాడు కాదు. "దస్తగిరన్న నా మీద పాట కట్టినాడు, తెలుసా?" పట్టా పుచ్చుకున్నంత గొప్పగా చెప్పేవాడు. ఏదీ పాడమంటే మాత్రం గొంతు సవరించుకుని, మొదటి ముక్క అందుకునేలోపే నవ్వు మొదలుపెట్టేవాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఇంటోళ్ళు వినకూడదులే" అని లేచి వెళ్ళిపోయేవాడు. ఈరోజు కాకపోతే రేపు చెప్తాడులే అనుకున్నాను. రేపు రాలేదు.

దస్తగిరి ఎవరో మా జిల్లాలో కాస్త వయసు వచ్చినవాళ్ళకు గుర్తుండవచ్చు. చెక్కభజన బృందంలో ముందు నిలబడి పాడుతూ, మధ్యలో ఊరి పెద్దమనుషుల నడకా మాటా అనుకరించి జనాన్ని నవ్వించేవాడు. పాటలు ఆయనే కట్టేవాడు, కాగితం కలం లేకుండా. ఒక క్యాసెట్ కూడా వచ్చింది. ఒకప్పుడు మా బస్టాండులో టీ అంగళ్ళ ముందు అదే మోగేది. ఆ క్యాసెట్ మీద ఎవరో బాగుపడ్డారు గానీ ఆయన బాగుపడలేదు. ఇంటి డ్రైవరుగా కువైట్ వెళ్ళాడు. శుక్రవారం సెలవు దొరికితే మనవాళ్ళుండే ఫ్లాటులకు వెళ్ళి, ఖాళీ నూనె డబ్బా మీద దరువేస్తూ పాడేవాడు. ఎవరైనా శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతుంటే వాళ్ళ మీద పాట కట్టేవాడు. అదీ ఒక్కసారే, వెళ్ళే ముందు శుక్రవారం. రెండోసారి పాడడు.

మా తమ్ముడు సలీం ఖైతాన్‌లో ఉంటాడు. దస్తగిరన్నతో ఫోన్‌లో మాట్లాడించమని వాణ్ణి ఎన్నోసార్లు అడిగాను. ఈ మధ్య ఒకరోజు ముక్తసరిగా జవాబు చెప్పాడు. "ఆయన మాట్లాడలేడు ఆపా. గొంతులో క్యాన్సరని ఆపరేషన్ చేసినారు. ఇప్పుడు మళ్ళా వచ్చిందంటున్నారు. రావాలనుకుంటే ఇప్పుడే రా." ఆపా అంటే మా ఇళ్ళలో అక్క. వాడే ఫ్యామిలీ విజిట్ వీసా తీశాడు. ఈ వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి మీ వాళ్ళను అక్కడే కనుక్కోమనడం మంచిది. నేను తిరుపతి మీదుగా చెన్నై వెళ్ళి అక్కణ్ణుంచి నేరుగా విమానం ఎక్కాను. నాలుగున్నర గంటల ప్రయాణం. రానూపోనూ కలిపి ముప్పై వేల లోపే అయింది. జనవరి కాబట్టి స్వెట్టర్ పెట్టుకోమని సలీం చెప్తే నవ్వాను గానీ, దిగాక అదే ఆదుకుంది. ఎడారిలో చలి మన మదనపల్లె చలి కన్నా పదునుగా ఉంటుంది.

మర్నాడు శుక్రవారం. సలీం నమాజు చేసుకుని వచ్చాక ఇద్దరం బయలుదేరాం. ఖైతాన్ నుంచి మహబూలాకు టాక్సీలో అయితే మూడు నాలుగు దీనార్లు అడుగుతారు. బస్సులో ఒక్కో టికెట్ మూడు వందల ఫిల్సులు, అంటే మన ఎనభై తొంభై రూపాయలు. ఒకచోట దిగి ఫహాహీల్ వైపు వెళ్ళే బస్సు మారాలి. శుక్రవారం బస్సుల్లో సగం మంది మనవాళ్ళే. సెలవు రోజు కాబట్టి అందరి చేతుల్లో ఏదో ఒక కవరు, అందులో వండిన కూరో, కొత్త ఫోనో.

రెండో బస్సులో నా పక్కన రాజోలు నుంచి వచ్చిన రత్నకుమారి కూర్చుంది. ఒక ఇంట్లో పని చేస్తుంది, నెలకు రెండు శుక్రవారాలు సెలవు. చర్చి నుంచి వస్తోంది. నేను తెలుగులో మాట్లాడ్డం విని తనే పలకరించింది. ఎక్కడికని అడిగితే దస్తగిరన్నను చూడ్డానికి అన్నాను.

"పాటల దస్తగిరి గారేనా అండి? అయ్యో, ఆయనకి బాలేదంట కదండీ! మామా మీద పాట కట్టేరండి ఆయన. మామా అంటే మేం పని చేసే ఇంటావిడండి. పొద్దున్నుంచీ రాత్రిదాకా ఆవిడ ఎన్ని సార్లు పిలుస్తాదో, ఎన్ని రకాలుగా పిలుస్తాదో, అదంతా పాటండి. మా రూములో ఫోనులో వినీ వినీ పొట్ట చెక్కలైపోయేది. ఒకరోజు నాకు బాగా ఏడుపొచ్చి బాత్రూములో కూర్చుంటే ఆవిడ పిలిచిందండి, అచ్చం పాటలో లాగే. ఏడుపులో నవ్వొచ్చేసింది."

"ఆయన్ని ఎప్పుడైనా చూశారా?"

"ఒక్కసారండి. ఉగాది ఫంక్షనుకి. పెద్ద పెద్దోళ్ళు చేసేరు. డాన్సుకీ డాన్సుకీ మధ్యన ఆ పిల్లలు బట్టలు మార్చుకునేదాకా ఈయన్ని పాడమన్నారు. జనం బాగా నవ్వుతున్నారండి, ఈలోపు పిల్లలు తయారైపోయారని మైకు తీసేసుకున్నారు. ఆయన దండం పెట్టి దిగిపోయేరు పాపం."

ఆమె అబూహలీఫాలో దిగాల్సింది. మహబూలా ముందే వస్తుంది కాబట్టి మేమే లేచాం. "ఆయనకి నా ప్రార్థన చెప్పండి" అని నా చేయి పట్టుకుని వదిలింది. మహబూలాలో బస్సు దిగితే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వరసగా ఎత్తైన బిల్డింగులు. సముద్రం కనిపిస్తుంది కదా అని గొప్ప చోటనుకోకండి. ఆ కిటికీల్లో చాలావాటి వెనక ఒక్కో గదిలో నలుగురు ఐదుగురు సర్దుకుని ఉంటారు. మా ఆయన ఉన్న ఫ్లాటు ఆ రెండో వరసలో ఉంది. రెండు గదులు, ఎనిమిది మంది.

ఆడమనిషి వస్తోందని సలీం ముందే చెప్పి ఉంచాడు. అయినా మేం తలుపు తట్టగానే లోపల పెద్ద హడావుడి. తాళ్ళ మీద బట్టలు లాగేస్తున్న చప్పుడు, ఎవరో ఎవరినో ప్యాంటు తొడుక్కోమంటున్న గొంతు. తలుపు తీసింది వెంకటరమణ. లక్కిరెడ్డిపల్లె మనిషి, వంట ఆయనదే. మా ఆయన మాటల్లో రోజూ వినే పేరు.

"రా వదినా, రా. ఖాజా మంచం ఇదే. ఇప్పుడు వేరే పిల్లోడు పండుకుంటాడు, ఈపొద్దు నీకోసరం దుప్పటి మార్చినాం."

ఆ మంచం మీద కూర్చున్నాను. రెండంతస్తుల ఇనప మంచం, కింది భాగం. తల ఎత్తితే పై మంచం తగులుతుంది. ఆరడుగుల మనిషి పన్నెండేళ్ళు ఇందులో ఎలా పడుకున్నాడో అనుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆయన నిద్ర లేచేటప్పుడు తల వంచుకునే లేచేవాడు.

వెంకటరమణ తట్టలో అన్నం, చికెన్, గోంగూర పెట్టాడు. గోంగూర ఇక్కడ దొరుకుతుందా అంటే, పక్క బిల్డింగ్ అతను మిద్దె మీద డబ్బాల్లో పెంచుతాడని చెప్పాడు. మేం తింటుండగా దస్తగిరన్న వచ్చాడు. నేను క్యాసెట్ అట్ట మీద చూసిన మీసాల మనిషి కాదు. చొక్కాలో సగమే ఉన్నాడు. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నోరు తెరిస్తే మాట రాదు, గాలి వస్తుంది. దగ్గరికి చెవి పెడితే ఆ గాలిలో మాట తెలుస్తుంది. నేను లేచి సలాం చెప్పి, ఎలా ఉన్నావన్నా అని అడిగాను.

"గొంతు తీసేసినారు పాపా," అన్నాడు ఆ గాలి గొంతుతో. "జోకులు మాత్రం అట్లనే ఉండాయి. ఆ డాక్టరు కండ్లకు అవి కనపడలా."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వు మాత్రం భుజాల్లో కనిపించింది, వినిపించలేదు.

నేను వచ్చిన పని చెప్పాను. ఖాజా మీద కట్టిన పాట వినాలి, అంతే. గదిలో నవ్వు ఆగిపోయింది. వెంకటరమణ ఖాళీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. దస్తగిరన్న నా వైపు చూడకుండా తల అడ్డంగా ఊపాడు. "అది ఇంటోళ్ళకు చెప్పకూడదమ్మా. కట్టుబాటు."

ఆ కట్టుబాటు ఎలా వచ్చిందో వెంకటరమణ వచ్చి చెప్పాడు. మొదట్లో పోయేవాళ్ళ పాటలు అందరూ ఫోన్‌లో పట్టుకునేవాళ్ళట. ఒకసారి ఒక మనిషి మీద కట్టిన పాట ఎవరో ఊరికి పంపారు. ఆ మనిషి పెద్ద షాపింగ్ మాల్‌లో మేనేజరని ఇంట్లో అనుకుంటున్నారు. పాటలో ఏమో చీపురు, బకెట్టు ఉన్నాయి. "పాటలో వాణ్ణి ఎగతాళి చేసింది మేమే వదినా, మా వాడే కదా అని. ఊర్లో పిల్లోళ్ళు వాని కూతుర్ని బడిలో ఏడిపించినారంట. ఆ మనిషి ఇంటికి పోయినాంక అన్నకు ఒక్క ఫోన్ కూడా చేయలా. అప్పట్నించి పాట మొదలుపెట్టే ముందర అందరి ఫోన్లూ బిర్యానీ దేగిశాలో ఏసి మూత పెట్టేస్తాం. పాటలో ఉండేదంతా మేం ఇంట్లో చెప్పనివే కదా. ఇంట్లో చెప్పినవి పాడితే నవ్వేందుకు ఏముండాది?"

వాళ్ళ కట్టుబాటు తప్పని అనలేను. ఆ కూతురి సంగతి విన్నాక అసలు అనలేను. కానీ ఇంత దూరం వచ్చి, ఆయన పడుకున్న మంచం మీద కూర్చుని, ఆ పాట ఈ గోడల మధ్యే ఉందని తెలిసీ లేచిపోవడం నా వల్ల కాలేదు.

"అన్నా," అన్నాను. "దాచుకోవడానికి ఆయన లేడు. నేనేం విన్నా ఇంటికి పోయి ఆయన్ని అడగలేను, నవ్వలేను, కోప్పడలేను. మీ దగ్గర ఉన్నంత ఖాజా కూడా నా దగ్గర లేడు."

సలీం తల వంచుకున్నాడు. దస్తగిరన్న గదిలో వాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కరిగా చూశాడు. ఎవరూ వద్దనలేదు. అప్పుడు వెంకటరమణను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "కడా చరణం ఎప్పుడూ ఇంటోళ్ళకే కట్టేది," అన్నాడు నాతో. "వాళ్ళు వినేది లేదని తెలిసి కూడా కట్టేది. నీది నువ్వు తీసుకుని పో."

ఎవరో ఖాళీ నూనె డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టారు. దరువు ఆయనదే. మాట వెంకటరమణ చెవిలో చెప్తాడు, వెంకటరమణ గొంతెత్తి పాడతాడు. అలా ఒక్కో ముక్కా వచ్చింది. అంతకుముందు ఫోన్లు దేగిశాలో వేశారు. నాదీ వేశాను. కాబట్టి ఇక్కడ రాస్తున్నది నాకు గుర్తున్నంతే, అదీ దస్తగిరన్ననూ గదిలో వాళ్ళనూ అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను.

మేకుకున్న చొక్కా ఒకటేరా, దాని
కాపరాలు జూస్తే ఎనిమిదిరా!
గుండీ పెట్టినోడే మొగుడురా, వాని
గంట దాటిపోతే లుంగీరా!

అందరూ పగలబడి నవ్వారు. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని నా ముఖం చూసి వెంకటరమణ పాట ఆపి, తలుపు వెనక గోడ వైపు చూపించాడు. అక్కడ మేకుకు ఒక చొక్కా వేలాడుతోంది. లేత నీలం రంగు, తెల్ల గీతలు, ఇస్త్రీ చేసి ఉంది.

ఆ చొక్కా నాకు తెలుసు. వారం వారం వీడియో కాల్‌లో మా ఆయన ఆ చొక్కాలోనే కనిపించేవాడు. ఎప్పుడూ ఇదేనా అని అడిగితే, "నీకు నచ్చిందని అట్లాంటివే నాలుగు కొన్నా" అనేవాడు. వెనక తెల్ల గోడ, దువ్విన తల, నలగని కాలరు. మా అత్త ఫోన్ చూసి కొడుకు దొరలాగా ఉన్నాడని మురిసిపోయేది. ఎనిమిది మందికీ అదొక్కటే మంచి చొక్కా. వంతులవారీగా తొడుక్కుని, మంచాలు కనపడకుండా ఆ ఒక్క గోడకు ఆనుకుని కూర్చుని, ఎనిమిది మందీ ఎనిమిది ఇళ్ళకు అలాగే కనిపించారు. కింద లుంగీ.

నేను నవ్వాను. నిజంగానే పెద్దగా నవ్వాను. మా ఆయన పాడబోయి ఎందుకు ఆగిపోయేవాడో అప్పుడు తెలిసింది. పాట మళ్ళీ అందుకున్నారు.

చొక్కా ఇడిసి నువ్వు పోతావుంటే ఖాజా, నీ
ఇంటిది గుర్తు పట్టేదెట్లరా!
బనీనుతో బోయి వాకిట్లో నిలిస్తే,
ఎవురు సామీ నువ్వు అంటాదిరా!

దస్తగిరన్న దరువు నెమ్మది చేశాడు. వెంకటరమణ చెవిలో చాలాసేపు చెప్పాడు. వెంకటరమణ ఒకసారి నా వైపు చూసి, కళ్ళు దించుకుని పాడాడు.

చొక్కా మాకు గావాల తల్లీ, దాని
లోపలి మనిషిని పంపుతుండాం.
కొంచెం నలిగినాడు ఏమనుకోవద్దు,
నువ్వే సాపు జేసి పెట్టుకోమ్మా.

ఇది నాకోసం కట్టిన చరణం. రెండేళ్ళ కిందట, ఈ గదిలో, నేను వినను అని తెలిసీ కట్టింది. అందరి ముందూ ఏడ్చాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. వచ్చిన మనిషి నలిగి ఉన్నాడని నాకు తెలుసు. మోకాళ్ళు పట్టేసి మెట్లు ఎక్కలేకపోయేవాడు, ఎండలోకి వెళ్తే కళ్ళు మూసుకునేవాడు. సాపు చేసుకోవడానికి దేవుడు నాకు ఒక్క ఏడాది కూడా పూర్తిగా ఇవ్వలేదు. అదే అన్నాను దస్తగిరన్నతో. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. జోకు వేయలేదు.

కాసేపటికి నేనే అడిగాను, ఇంటికి ఎప్పుడు పోతావన్నా అని. భార్య ఎప్పుడో పోయిందట, పిల్లలు లేరు, అన్నదమ్ములు ఎవరి దారి వాళ్ళది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయన తల్లి ముసలావిడ, ఈయన నడిపిన కారులోనే పాతికేళ్ళు తిరిగింది. పని చేయలేకపోయినా గేటు పక్క గదిలో ఉండనిస్తోంది. ఆవిడ ఉన్నంతవరకూ ఇక్కడే. "ఏర్‌పోర్టులో దిగితే నా కోసరం వచ్చేటోడెవడు?" అన్నాడు. మరి నీ పాట ఎవరు కడతారు అని అడిగాను. అడగకూడదేమో. "వీళ్ళు కడతామన్నారు. రెండు ముక్కలు వినిపించినారు. అది విన్నాంక ఇంగ పోకూడదని నిశ్చయం జేసుకున్నా," అన్నాడు. వెంకటరమణ ఆయన భుజం మీద చిన్నగా కొట్టాడు. అందరూ నవ్వారు గానీ ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

నాలుగు దాటుతోంది. మన దగ్గర సాయంత్రం ఆరున్నర అయి ఉంటుంది, ఇళ్ళకు ఫోన్లు చేసే వేళ. మా ఆయన మంచంలో ఇప్పుడు పడుకునే కుర్రవాడు, పుల్లంపేట మనిషి, కొత్తగా పెళ్ళయింది, మేకు వైపు చూడ్డం, నన్ను చూడ్డం, మళ్ళీ గోడ చూడ్డం చేస్తున్నాడు. వెంకటరమణ చొక్కా తీసి నా చేతిలో పెట్టాడు. "వదినా, నీకు కావాలంటే తీసుకుని పో. మేం ఇంగొకటి కొనుక్కుంటాం."

దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఎనిమిది మంది చెమట, ఎన్నో ఉతుకులు, ఆయనది ఏదీ మిగల్లేదు. పై నుంచి రెండో గుండీ ఊడి దారానికి వేలాడుతోంది. సూదీ దారం అడిగి ఆ గుండీ గట్టిగా కుట్టాను. కొంచెం నిదానంగానే కుట్టాను. తర్వాత ఆ అబ్బాయికి ఇచ్చి, "తొడుక్కో నాయనా, ఎదురు చూస్తుంటుంది" అన్నాను. వాడు సిగ్గుపడుతూ తొడుక్కుని, దేగిశాలోంచి ఫోన్ తీసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఎత్తి పట్టుకున్నాడు. అటు నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "అబ్బా, ఎంత బాగుండావో!" అంది. మేమందరం ఫోన్‌కు కనపడకుండా గోడ పక్కకు జరిగాం.

తిరిగి వచ్చేటప్పుడు సలీం సముద్రం చూద్దామా అన్నాడు. రోడ్డు దాటి కాసేపు నిలబడ్డాం. నేను ఇంతవరకూ ఎన్నో చోట్లకు వెళ్ళి ఇక్కడ రాశాను, అక్కడి కొండ బాగుంది, ఇక్కడి చెరువు బాగుంది అని. కువైట్ ఎలా ఉందంటే చెప్పలేను. నేను చూసింది ఒక గది. పన్నెండేళ్ళు నేను ఫోన్‌లో చూసిన మనిషి ఆ ఫోన్ అంచుకు అవతల ఎలా బతికాడో చూశాను. ఆయన నాకు అబద్ధం చెప్పాడని కోపం రాలేదు. ఆ గంట సేపు నాకు బాగా కనిపించాలని ఎంత కష్టపడ్డాడో అనే అనిపించింది. ఇంటికి పోయేవాళ్ళ మీద దస్తగిరన్న కట్టిన పాటలు ఏ క్యాసెట్లోనూ లేవు, ఎక్కడ వెతికినా దొరకవు. ఎవరి పాట వాళ్ళు మోసుకుని వెళ్ళిపోయారు. నాది నాకు దొరికింది. అది తీసుకోవలసిన మనిషి ఉండగా దొరకలేదన్నదే నా ఏడుపు.

మీరూ వెళ్తుంటే పనికొచ్చే మాట ఒకటి. మనవాళ్ళుండే ఫ్లాటుకు పచ్చళ్ళూ మిఠాయిలూ ఎలాగూ మోసుకెళ్తారు. వాటితో పాటు ఒక మంచి చొక్కా పెట్టుకోండి. కాలరున్నది, లేత రంగుది, పెద్ద సైజుది చూసి తీసుకోండి. సన్నవాళ్ళకు వదులైనా ఫోన్‌లో తెలియదు, లావువాళ్ళకు మాత్రం గుండీలు పట్టాలి.